చందాదారు ఋణం: కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారు

కోదాడనుండి అనంతగిరి వైపుగాని నడిగూడెం వైపుగాని బయలుదేరిన బాటసారికి వరిమళ్లు, చెరువుకట్టలు, తాటితోపులు కనుపిస్తవి. ఈ దారులలో సారస్వత చరిత్రకు సంబంధించిన ఘట్టమొకటి జరిగినదని ఎవరును ఊహింపరు. కాని నేడు సూర్యాపేట జిల్లాలో చేరియున్న ఈ సీమలోనే ఒకప్పుడు మునగాల పరగణా ఉండినది. చుట్టును నైజాము రాజ్యం. నడుమ ద్వీపమువలె కృష్ణాజిల్లాకు చెందిన ఈ పరగణా. 1959లో ఇది నల్లగొండ జిల్లాలో కలిసినది. నడిగూడెంలో ఆ జమీందారుల కోట ఇప్పటికిని నిలిచియున్నది. ఆ సంస్థానంలో దివానుగా పనిచేసిన ఒక పండితుడు, పుస్తకం వ్రాయించడం, దిద్దడం, అచ్చువేయించడం, చదువరి ఇంటికి చేర్చడం అనే పనులను తెలుగునాట ఒక క్రమబద్ధమైన వ్యవహారంగా నిలబెట్టినారు. వారే కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు.

పంతులుగారి పరిశోధనను గూర్చి పాఠ్యపుస్తకాలలో కొంత చదువుకొన్నవారు మనలో చాలమంది ఉన్నారు. వారి వ్యవహారదక్షతను గూర్చి తలచుకొనేవారు తక్కువ. పాండిత్యానికి లెక్కలతో పనియేమి అని మనకొక అభిప్రాయం ఉన్నది. చందా వసూలు, కాగితపు బేరం, అచ్చుకూటం బాకీ అనే మాటలు సరస్వతికి మైలయని కొందరి తలంపు. పంతులుగారి జీవితం ఆ తలంపును తుడిచివేస్తుంది. అంతేకాదు, ఆ లెక్కలు ఒక మనిషిని ఎంత ఖర్చుచేయగలవో కూడ చూపిస్తుంది.

వీరు 1877 మే 18న కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలులో జన్మించినారు. తల్లి గంగమ్మగారు, తండ్రి వేంకటప్పయ్యగారు. పసితనంలోనే తండ్రి గతించినందున సవతి అన్నగారి సంరక్షణలో భువనగిరిలో కొంతకాలం చదువు సాగినది. పిదప అక్కగారి అండన నాగపురం చేరినారు. ఆ అక్కగారు భండారు అచ్చమాంబగారు. బావగారు మాధవరావుగారు ఇంజనీరు ఉద్యోగి. తమ్ముడు చదువుకొనుచుండగా అక్కయు ఆ చదువులో పాలుపంచుకొని, తెలుగు, హిందీ, మరాఠీ భాషలు నేర్చి, స్త్రీల చరిత్రలను సేకరించి అబలా సచ్చరిత్ర రత్నమాలను వ్రాసినారు. తెలుగులో తొలి కథకులలో ఆమెకు స్థానమున్నది. ఆ ఇంటిలో పుస్తకం అలంకారం కాదు, నిత్యావసరం.

నాగపురవాసం పంతులుగారికి రెండు మేళ్లు చేసినది. మొదటిది మరాఠీ భాష. ఆ భాషలో పత్రికలకు వ్యాసాలు వ్రాయగల ప్రావీణ్యం విద్యార్థిదశలోనే వారికి అలవడినది. రెండవది పోల్చి చూచే అవకాశం. మహారాష్ట్రదేశంలో చరిత్ర, శాస్త్రం, రాజకీయం దేశభాషలోనే చర్చింపబడుచుండెను. సామాన్య గృహస్థుడు పత్రికకు చందా కట్టి, దానికోసం ఎదురుచూచుచుండెను. తెలుగునాట అప్పటి పరిస్థితి వేరు. కావ్యానికి కృతిభర్త కావలెను. కృతిభర్త దొరకని పుస్తకం బీరువాలోనో అటకమీదనో పడియుండెడిది. కవి జమీందారు ముంగిట నిలువవలెను. చదువరి కవి ముంగిట నిలిచే అలవాటు లేదు. ఇక రసాయనశాస్త్రమో, ఆర్థికశాస్త్రమో తెలుగులో వ్రాసినచో దానిని ఎవరికి అంకితమియ్యవలెను? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడమే పంతులుగారి జీవితకార్యమైనది.

పట్టభద్రులైన పిమ్మట వారు మునగాల రాజా నాయని వేంకటరంగారావు బహద్దరుగారి కొలువులో చేరినారు. ప్రైవేటుగా చదివి ఎం.ఏ. పట్టాను కూడ సంపాదించినారు. సంస్థానపు వ్యవహారాలు చూచుట వారి జీవనాధారం. ఈ విషయం మనం గుర్తుంచుకొనవలెను. పంతులుగారు తాము తలపెట్టిన సారస్వత వ్యవసాయంనుండి తమ గ్రాసాన్ని ఆశించలేదు. దివానుగిరీ జీతం ఇంటికి. పుస్తకాల రాబడి తిరిగి పుస్తకాలకు. ఈ రెండు సంచులను వేరువేరుగా ఉంచగలిగినందువలననే వారికి ఏది అచ్చువేయవలెనో ఏది వేయగూడదో నిర్ణయించే స్వేచ్ఛ చిక్కినది.

రాజావారి ఔదార్యం, రావిచెట్టు రంగారావుగారి కార్యదీక్ష, పంతులుగారి ఆలోచన కలిసి 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయంగా వెలసినవి. ఉర్దూ రాజభాషగా ఉన్న నగరంలో తెలుగు పుస్తకానికి ఒక ఇల్లు ఏర్పడినది. మూడేండ్లకు హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయం స్థాపితమైనది. అయితే గ్రంథాలయం తెరచినంతనే పంతులుగారికి అసలు కొరత మరింత స్పష్టంగా కనబడియుండును. అలమారలు ఉన్నవి, చదువ వచ్చేవారున్నారు, ఈ కాలపు జ్ఞానాన్ని తెలియజెప్పే తెలుగు పుస్తకాలు ఏవి?

1905లో అచ్చమాంబగారు చిన్నవయసుననే మరణించినారు. తమ్మునికి అది సామాన్యమైన దెబ్బ కాదు. తరువాతి కాలంలో తమ కుమార్తెకు ఆ పేరే పెట్టుకొన్నారు. ఆ అచ్చమాంబగారు వైద్యురాలై, 1957లో విజయవాడనుండి లోకసభకు ఎన్నికైనారు.

అక్కగారు పోయిన మరుసటి ఏడు, అనగా 1906లో, హైదరాబాదులో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి స్థాపితమైనది. మునగాల రాజావారు, రావిచెట్టు రంగారావుగారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, అయ్యదేవర కాళేశ్వరరావుగారు మొదలైనవారు అండగా నిలిచినారు, సంపాదకత్వం పంతులుగారిది. 1907లో హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాము లింకను చరిత్రము మండలి తొలి ప్రచురణగా వెలువడినది. బానిసత్వాన్ని రూపుమాపిన పరదేశపు నాయకుని జీవితం తెలుగు పాఠకునికి మొదటి కానుకగా ఎంచుకొన్న ఆ సంపాదకుని దృష్టి ఎటువంటిదో వేరుగా చెప్పనక్కరలేదు.

మండలి నడచిన తీరును ఉపాధ్యాయ మిత్రులు కొంచెం నిదానించి చూడవలెను. దాని కీలకం స్థిరమైన చందాదారు. ఒక్కొక్క పుస్తకం అచ్చయిన తరువాత కొనేవారికోసం వెదకుట పాత పద్ధతి. ముందుగానే చదువరులను కూడగట్టి, వరుసగా వచ్చే గ్రంథాలను వారికి చవుకగా అందించుట కొత్త పద్ధతి. ఎన్ని ప్రతులు కావలెనో ముందు తెలిసినచో కాగితం బేరం కుదురుతుంది. అచ్చుకూటంవారికి నమ్మకం కలుగుతుంది. గ్రంథకర్త వ్రాతప్రతి పెట్టెలో మురిగిపోదు. కాని ఈ పద్ధతిలో ఒక కత్తి దాగియున్నది. కృతిభర్త ఒక్కడే, ఆయనను మెప్పించినచో చాలును. చందాదారులు వందలు, వేలు. వారిలో బడిపంతులు ఉన్నాడు, గుమాస్తా ఉన్నాడు, పల్లెటూరి కరణం ఉన్నాడు. అతడు రూపాయి పంపినాడు గనుక ప్రకటించిన పుస్తకం అతనికి చేరవలెను. ఇది దానం కాదు, ఋణం.

ఈ ఋణభారం సంపాదకుని బల్లమీదికి ఎట్లు వచ్చిచేరునో ఆలోచింపుడు. జీవశాస్త్రాన్ని ఆచంట లక్ష్మీపతిగారు వ్రాయవలెను; వైద్యవిద్యలో ఆరితేరినవారు ఆ పని చేయగలరు. ఆర్థికశాస్త్రాన్ని కట్టమంచి రామలింగారెడ్డిగారు వ్రాసినారు. ఆంధ్రుల చరిత్రమును చిలుకూరి వీరభద్రరావుగారు వ్రాయగా 1910లో మొదటి భాగం మండలి పక్షాన వెలువడినది. విషయం తెలిసినవారికి ఆంగ్లంలో చదివినది తెలుగులో చెప్పే అలవాటు లేదు. తెలుగు బాగుగా తెలిసినవారికి విషయం క్రొత్త. ఈ రెంటి నడుమ సంపాదకుడు వంతెన కావలెను. ఒక శాస్త్రపదానికి ఒక గ్రంథంలో ఒక మాట, మరొక గ్రంథంలో మరొక మాట వాడినచో చదువరి చిక్కులో పడతాడు. సంస్కృతం మీరినచో బడిపిల్లవానికి అందదు. పలుచనైనచో పండితుడు పరిహసిస్తాడు. ఇదంతయు దిద్ది ముగించిన పిమ్మట ప్రూఫులు మొదలు. తెలుగు వత్తులను, గుణింతాలను సీసపు అచ్చులలో కూర్చుటలో తప్పులు దొర్లనిది ఎన్నడు? ఒక్కొక్క ఫారం చూచి, మరల చూచి, అచ్చుకూటానికి పంపినగాని పుస్తకం పుస్తకం కాదు. ఇట్టి పనికి గ్రంథంమీద పేరు పడదు. మంచి సంపాదకుని శ్రమ కంటికి కనబడకపోవుటయే దాని గుణం.

చదువరులను పెంచుటకును మండలి ఉపాయాలు పన్నినది. నవలల పోటీలు పెట్టి బహుమతులిచ్చి క్రొత్త రచయితలను వెలికితీసినది. గ్రంథాలు కొని అటకమీద పెట్టక చదువునట్లు పరీక్షలు ఏర్పరచినది. చరిత్ర గ్రంథాలను పంతులుగారు స్వయంగా వ్రాసినారు. శివాజీ చరిత్రము, హిందూ మహాయుగము, మహమ్మదీయ మహాయుగము వారివే. శాసనాలు, నాణెములు, విదేశీయుల వ్రాతలు పరిశీలింపక చరిత్ర వ్రాయరాదని వారి పట్టుదల. ఆ పట్టుదలయే మండలి గ్రంథాలకు ప్రతిష్ఠ తెచ్చినది.

కష్టాలును వెనువెంటనే వచ్చినవి. 1908లో మండలి కార్యస్థానం హైదరాబాదునుండి మద్రాసుకు మారినది. ఆ ఏడే హరిసర్వోత్తమరావుగారు పత్రికలో వ్రాసిన వ్రాతలకుగాను రాజద్రోహ నేరంపై కారాగారం పాలైనారు. 1910లో రావిచెట్టు రంగారావుగారు చిన్నవయసులోనే కన్నుమూసినారు. కుడిభుజం ఒకటి జైలులో, ఎడమభుజం మట్టిలో. సంస్థ తొలి స్నేహితుల ఉత్సాహంమీదనే నిలిచియుండినచో అంతటితో ముగిసియుండవలసినది. కాని గ్రంథాలు ఆగలేదు. చందాదారుకు మాట ఇచ్చియుండిరి గదా!

మద్రాసులో ఉండగనే పంతులుగారు తమ జీవితంలోకెల్ల పెద్ద భారాన్ని తలకెత్తుకొన్నారు. అది ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం. లోకంలోని సమస్త విషయాలను అకారాదిగా తెలుగులో వివరించే గ్రంథం. 1912, 1913 సంవత్సరాల ప్రాంతంలో పని ఆరంభమైనది. జైలునుండి వచ్చిన హరిసర్వోత్తమరావుగారు తోడైనారు. యువకులైన మల్లంపల్లి సోమశేఖరశర్మగారు సహాయకులుగా చేరి అక్కడనే పరిశోధనలో ఓనమాలు దిద్దుకొన్నారు. వ్యాసాలు పండితులచేత వ్రాయించుచు, దొరకనిచోట తామే వ్రాయుచు, సంచికలుగా చందాదారులకు పంపుచు పోయినారు.

ఇతర దేశాలలో ఇట్టి పనులు ఎట్లు సాగినవో పోల్చి చూచినచో మన పంతులుగారి సాహసం బోధపడుతుంది. బ్రిటానికా విజ్ఞాన సర్వస్వం 1768లో స్కాట్లండు దేశపు ఎడింబరో నగరంలో చిన్న సంచికలుగానే మొదలై, 1771 నాటికి మూడు సంపుటాలుగా ముగిసినది. వంగదేశంలో నగేంద్రనాథ వసువుగారు విశ్వకోశాన్ని ఇరువదిరెండు సంపుటాలలో 1911 నాటికి ముగించినారు. మహారాష్ట్రంలో శ్రీధర వేంకటేశ కేత్కరుగారు జ్ఞానకోశం కొరకు వాటాల కంపెనీని ఏర్పరచి 1920 తరువాతి దశకంలో పూర్తిచేసినారు. పంతులుగారికి వాటాదారులు లేరు. ఉన్నవారు చందాదారులు, మిత్రులు, ఒక సంస్థానాధీశుడు. సర్వస్వపు పని ప్రారంభించిన రెండేండ్లలోనే 1914లో ఐరోపా మహాయుద్ధం వచ్చి కాగితం ధర ఆకాశానికెక్కినది.

ఇక్కడ వారి ఎదుట నిలిచిన చిక్కు సంపాదకులందరికిని తెలిసినదే. పని త్వరగా కావలెనన్న వ్యాసాలు కుదించవలెను; తప్పులను చూచిచూడనట్లు పోవలెను. పని సమగ్రంగా కావలెనన్న గడువు దాటవలెను. గడువు చందాదారు హక్కు. సమగ్రత కూడ చందాదారు హక్కే. పంతులుగారు సమగ్రతవైపు మొగ్గినారు. ఫలితంగా మూడు సంపుటాలు వెలువడినవి. ఆ మూడును అకారంతోనే నిండినవి. అక్షరమాలలో తొలి అక్షరం దాటుటకే ఏండ్లు గడచినవి. తక్కిన అక్షరాలకు ఎన్ని ఏండ్లు, ఎంత ధనం, ఎవరి ఆయువు?

ఈలోగా వారి సొంత రచనలు వెనుకబడినవి. శాసనాలు చదువగలవారు, సంస్కృత ప్రాకృతాలు తెలిసినవారు, మరాఠీ ఆంగ్లాలలో చేయితిరిగినవారు ఒక సమగ్రమైన ఆంధ్రదేశ చరిత్రను వ్రాసి ఇచ్చియుండగలరు. కాని వారి ప్రొద్దంతయు ఇతరుల వ్యాసాలు దిద్దుటకు, సంస్థానం పనులకు, పరిశోధకులకు జవాబులు వ్రాయుటకు సరిపోయినది. చరిత్రపై వారు వ్రాసిన విడివ్యాసాలు లక్ష్మణరాయ వ్యాసావళిగా సంపుటమైనవి. ఆ వ్యాసాలు చదివినవారికి దక్కనిదెంతయో తెలియును. ఇతరుల పుస్తకాలకు ప్రాణం పోసినవాడు తన పుస్తకానికి మిగుల్చుకొన్నది తక్కువ. సంపాదకుల జీవితాలలో ఇది కొత్త కథ కాదు. అయినను మనసు కలతపడకపోదు.

మద్రాసులో ఎగ్మూరులోని వేదవిలాసమను ఇల్లు వారి నివాసం. అది సారస్వతులకు సత్రంవంటిది. 1919 మేలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు తుదిశ్వాస విడిచినది ఆ ఇంటిలోనే. నాలుగేండ్లు తిరిగినవి. 1923 జూలై 12న లక్ష్మణరావు పంతులుగారును అక్కడనే కన్నుమూసినారు. అప్పటికి వారికి నలుబదియారేండ్లు. విజ్ఞాన సర్వస్వం అకారం దగ్గర నిలిచిపోయినది.

లెక్కలు చూచేవారు దీనిని వైఫల్యమనవచ్చును. సర్వస్వమంతయు రాగలదని చందా కట్టినవానికి మూడు సంపుటాలు మాత్రమే చేరినవి. ఈ లోపాన్ని కప్పిపుచ్చనక్కరలేదు. ఒక మనిషి ఆయువును పెట్టుబడిగా పెట్టిన సంస్థ, ఆ ఆయువు తీరగానే తడబడక తప్పదు. తమ వెనుక ఎవరు నడుపవలెనో, ఎంత మూలధనం కావలెనో ముందు నిర్ణయించుకొననిదే ఇంతటి పని మొదలుపెట్టరాదని ఈనాటివారు గ్రహింపదగిన పాఠం ఇందులో ఉన్నది. అక్షరక్రమాన్ని ఎన్నుకొనుటలోనే చిక్కున్నది. చివరి అక్షరం వచ్చువరకు గ్రంథం అసంపూర్ణమే. తరువాత 1947లో ఏర్పడిన తెలుగు భాషాసమితి తన విజ్ఞాన సర్వస్వాన్ని విషయవారీ సంపుటాలుగా విభజించినది. అట్లయిన ఒక్క సంపుటం వెలువడినను అది తనంతట తాను పూర్తియైన పుస్తకం. ముందువారి అనుభవం వెనుకవారికి దారి చూపినదన్నమాట.

అయితే ఋణం చెల్లనేలేదా? చెల్లినది, వేరొక చేతులమీదుగా. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు అమృతాంజనంమీద గడించిన ధనంతో 1930 తరువాత సర్వస్వాన్ని సంస్కరించి మరల వెలువరించుటకు పూనుకొన్నారు. పంతులుగారి బల్లచెంత ప్రూఫులు చూచుట నేర్చిన మల్లంపల్లి సోమశేఖరశర్మగారు మహాచరిత్రకారులై, భాషాసమితి సర్వస్వపు సంపాదకులైనారు. హైదరాబాదులోని చరిత్ర పరిశోధక సంఘం లక్ష్మణరాయ పరిశోధక మండలియను పేరు ధరించి తెలంగాణా శాసనాలను ప్రకటించినది. మనిషి తీర్చలేకపోయిన బాకీని ఆయన తయారుచేసిన మనుషులు తీర్చుచు పోయినారు.

ఈనాడు ఇంటివద్దనే కూర్చుండి వ్రాతప్రతులు దిద్దువారు, అనువాదాలు చేయువారు, ప్రచురణకర్తలకు పుస్తకాలు సిద్ధంచేసి ఇచ్చువారు పెరిగినారు. సాయంత్రాలలో ఈ పనికి పూనుకొనే ఉపాధ్యాయులను నేనెరుగుదును. మా కళాశాలలో చదివి దీనినే వృత్తిగా ఎంచుకొన్న విద్యార్థులను కూడ ఎరుగుదును. సీసపు అచ్చులు పోయినవి, చందాల తీరు మారినది. కాని బల్లమీది చిక్కు మారలేదు. ఇంటి ఖర్చు సంచి, పని ఖర్చు సంచి వేరుగా ఉంచుట; ఒప్పుకొన్న తేదీని మరువకుండుట; తేదీకోసం తప్పును వదలకుండుట; చేతనైనంత పనినే ఒప్పుకొనుట; తన సొంత వ్రాతకు రోజులో ఒక గంటయైన మిగుల్చుకొనుట. ఇందులో మొదటి మూడును పంతులుగారి నడవడినుండి నేర్వవలెను. చివరి రెండును వారి నష్టంనుండి నేర్వవలెను.

అనంతగిరి, కోదాడ, నడిగూడెం ప్రాంతాల బడులలో చదివే పిల్లలకు ఉపాధ్యాయులు ఒక్క మాట చెప్పవచ్చును. మీ ఊరికి కూతవేటు దూరాన ఉన్న సంస్థానంలో కొలువుచేసిన మనుష్యుడొకడు, తెలుగులో లోకజ్ఞానమంతయు ఉండవలెనని తలపోసి, మొదటి అక్షరంవద్ద ప్రాణం విడిచినాడు. తక్కిన అక్షరాలను పూరించుట వెనుక వచ్చినవారి పని. పిల్లలు పలకమీద అకారం దిద్దునపుడు ఆ పేరొకసారి తలచుకొన్నను అది తగిన శ్రాద్ధమే అగును.